ముస్తాబుకి ఇంగ్లీషులో ఇన్ని మాటలెందుకు, ఏ మాట ఎక్కడ

పోటీ పరీక్షల గైడ్ ఏది తెరిచినా సిననిమ్స్ అని ఒక చాప్టర్ ఉంటుంది, అందులో అడార్న్ అనే మాట ఎదురుగా డెకరేట్, బ్యూటిఫై, ఎంబెల్లిష్, డెక్, గార్నిష్ అని ఒకే వరసలో కామాలు పెట్టి అచ్చేసి ఉంటాయి. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో బ్యాంకు అనో ఎస్‌ఎస్‌సీ అనో డీఎస్సీ అనో ప్రిపేర్ అయ్యే పిల్లలు ఆ వరసని అలాగే బట్టీ కొట్టేస్తారు, నాలుగు ఆప్షన్లలో ఒకదానికి టిక్ పెట్టడానికి అది సరిపోతుంది కూడా. ఇబ్బంది ఎక్కడొస్తుందంటే అదే మాట పెట్టి సొంతంగా ఒక వాక్యం రాయమన్నప్పుడు, లేకపోతే ఇంటర్వ్యూలో మీ ఊరి పండగ గురించి రెండు మాటలు చెప్పమన్నప్పుడు. పెళ్ళికూతురు డెకరేట్ అయింది, గుడిని గార్నిష్ చేశారు అని వచ్చేస్తుంది. గ్రామర్ పరంగా తప్పు పట్టలేం గానీ, ఇంగ్లీషు ఇంట్లో మాట్లాడుకునేవాళ్ళ చెవికి పెళ్ళికూతురికి మెడల్ ఇచ్చారేమో, గుడి మీద కొత్తిమీర జల్లారేమో అన్నట్టు వినిపిస్తుంది.

తెలుగులో అయితే ఈ పొరపాటు చదువు లేనోళ్ళు కూడా చెయ్యరు. ముగ్గు వేస్తాం, తోరణం కడతాం, కాటుక దిద్దుతాం, అమ్మవారికి అలంకరణ చేస్తాం, పిల్ల సింగారించుకుంటుంది, కుర్రాడు షోకు చేసుకుంటాడు, గంగిరెద్దుని ముస్తాబు చేస్తారు. ఏటే గుంటా ఇంత ముస్తాబయ్యావు, ఏ ఊరెల్తన్నావు అని మామ్మ అడుగుతుంది గానీ, ఏటే గుంటా ఇంత అలంకరించబడ్డావు అని ఏ మామ్మా అడగదు. అర్థం ఒకటే అయినా ఎవరి గురించి, ఎవరితో, ఏ సందర్భంలో అన్నది చూసుకుని మాట దానంతటదే నోటికొస్తుంది. ఇంగ్లీషు మాటలకీ సరిగ్గా అలాంటి చోట్లున్నాయి, వాటిని కామాల వరసలో కాకుండా వాటి చోట్లతో సహా నేర్చుకుంటే గుర్తుండిపోతాయి, దానికి దగ్గరి దారి ఒక్కో మాట మొదట్లో ఏ పని చేసేదో చూడటం. అలా చూస్తే ఒక విషయం బయటపడుతుంది, వీటిలో చాలా మాటలు అందం కోసం పుట్టినవి కావు, సర్దడం, నిటారుగా పెట్టడం, కప్పడం, యుద్ధానికి సిద్ధం చెయ్యడం లాంటి పనుల్లోంచి వచ్చి తర్వాత్తర్వాత అందం వైపు జరిగాయి.

ముందు డెకరేట్ సంగతి. దీనికి వేరు లాటిన్‌లో ఉంది, తగినది, ఒప్పినది అనే అర్థం ఉన్న కుటుంబం అది, డీసెంట్ అన్న మాటా డెకోరమ్ అన్న మాటా దీని తోబుట్టువులే. అంటే డెకరేట్ చెయ్యడం అంటే ఒప్పేలా చెయ్యడం. ఇక్కడే మన అలంకారం గుర్తు రావాలి, సంస్కృతంలో అలం అంటే చాలు, తగినంత అని, అలం పక్కన చెయ్యడం అనే ధాతువు చేరితే అలంకారం అయింది. గ్రీకులో కాస్మాస్ అంటే క్రమం, అమరిక, నగ కూడా, అందులోంచే విశ్వం అనే అర్థంలో కాస్మాస్, ముఖానికి రాసుకునే కాస్మెటిక్స్ రెండూ వచ్చాయి. మూడు పాత భాషల్లో మూడు వేరువేరు మాటలు తీసుకుంటే మూడూ మెరుపు గురించి కాకుండా సరిపోవడం గురించీ అమరడం గురించీ చెప్తున్నాయి, ఇది చాలా పెద్ద విషయం. ఎక్కువ తగిలిస్తే ఎక్కువ అందం అనుకునే ఆలోచనకి ఆ మాటల్లోనే చోటు లేదు.

వాడుకకి వస్తే డెకరేట్ ఎక్కువగా వస్తువులకీ చోట్లకీ, ఇల్లు, గది, కేకు, స్టేజి, క్లాస్‌రూమ్. ఆ లెక్కన టెంట్ హౌస్ వాళ్ళ బోర్డు మీద డెకరేటర్స్ అని ఉండటం పక్కాగా కరెక్ట్. మనిషికి వాడితే మాత్రం అర్థం మారిపోతుంది, డెకరేటెడ్ సోల్జర్ అంటే పూలదండ వేసుకున్న సైనికుడు కాదు, పతకాలు వచ్చిన సైనికుడు. ఆర్మీకీ నేవీకీ వెళ్ళినోళ్ళున్న ఇళ్ళు ఈ రెండు జిల్లాల్లో తక్కువేం కాదు, విజయనగరం పక్కన కోరుకొండ సైనిక్ స్కూల్ 1962 నుంచీ ఉంది, కాబట్టి ఈ వాడుక మన పిల్లలకి బాగా దగ్గరగానే ఉండాలి. డెకరేటెడ్ ఆఫీసర్ అని ఎక్కడైనా కనిపిస్తే ఆయన ఛాతీ మీద రిబ్బన్లు చూడాలి, బట్టలు కాదు.

అడార్న్ దీనికంటే మెత్తటి మాట, కొంచెం పుస్తకాల వాసన ఉంటుంది. లాటిన్‌లో దీని మూలానికి అమర్చడం, సరంజామా సమకూర్చడం అనే అర్థాలు ఉండేవి, ఓడలకి కావలసినవన్నీ అమర్చి సిద్ధం చెయ్యడానికి కూడా ఆ మాటే వాడేవాళ్ళు. ఇప్పుడు జడలో పూలకి, మెడలో హారానికి, గోపురం మీద శిల్పాలకి అడార్న్ బాగా అతుకుతుంది, ఎందుకంటే ఈ మాటలో ఒక షరతు ఉంది, అసలు వస్తువు ముందే అందంగా ఉండాలి, పైన పెట్టింది దానికి తోడవ్వాలి. ప్లాస్టిక్ కుర్చీలకి కవర్లు తొడిగితే దాన్ని అడార్న్ అనరు. దీని వ్యతిరేకం అనడార్న్డ్, అంటే నగా నట్రా లేకుండా ఉన్నది, ఆ మాటకి మన దగ్గర ఉన్నంత మంచి ఉదాహరణ ఇంకెక్కడా దొరకదేమో. అరసవల్లిలో రథసప్తమి రోజు సూర్యనారాయణ స్వామికి అభిషేకం చేసి అలంకారాలేవీ లేకుండా నిజరూప దర్శనం ఇస్తారు, దాని కోసం జనం రాత్రి నుంచే లైన్లో నిలబడతారు. మామూలు రోజు అలంకారం చూడటానికి వెళ్తాం, ఆ ఒక్క రోజు అలంకారం లేకపోవడాన్ని చూడటానికి వెళ్తాం. అనడార్న్డ్ అనే మాటకి లేమి అనే అర్థం కాకుండా ఆ గౌరవం ఉంది, అనడార్న్డ్ ట్రూత్ అంటే ఏ రంగూ పులమని నిజం. బోసిగా ఉంది అని దాన్ని తెలుగు చేస్తే తప్పు, నిజరూపం అంటేనే ఒప్పు.

ఇప్పుడు డ్రెస్. మనకి ఇది బట్టల మాట, కొత్త డ్రెస్, పండగ డ్రెస్, స్కూల్ డ్రెస్. కానీ అసలు మాట లాటిన్‌లోంచి పాత ఫ్రెంచ్ మీదుగా వచ్చింది, డైరెక్ట్ అనే మాటకి చుట్టం, అంటే తిన్నగా పెట్టడం, వంకర తియ్యడం, సరిచెయ్యడం. ఇది ఒక్కటి తెలిస్తే డ్రెస్ అనే మాట ఎక్కడెక్కడ తిరిగిందో అన్నీ అర్థమైపోతాయి. పుండుకి డ్రెస్సింగ్ చేయించుకోవాలి అంటాం, అక్కడ బట్టలేం తొడగట్లేదు, కడిగి మందేసి సరిచేస్తున్నారు. డ్రెస్డ్ చికెన్ అంటే ఈకలు పీకి, లోపలవి తీసి, వండటానికి సిద్ధం చేసిన కోడి, దానికి ఉన్నవి కూడా తీసేశారు. రాయి డ్రెస్సింగ్ అంటే ఉలితో చెక్కి మట్టం చెయ్యడం. సలాడ్‌కి డ్రెస్సింగ్ అంటే నూనె, నిమ్మరసం కలిపి తినడానికి తయారు చెయ్యడం. అన్నిట్లో ఉన్నది ఒకటే, పనికి సిద్ధంగా, తిన్నగా చెయ్యడం.

పరేడ్ గ్రౌండ్‌లో రైట్ డ్రెస్ అని కమాండ్ ఉంది, అంటే కుడి పక్కవాడిని చూసుకుని వరస తిన్నగా చేసుకోమని, ఎన్‌సీసీలో తిరిగిన పిల్లలకి దీని హిందీ రూపం తెలుసు, దాహినే సజ్. హిందీలో సజ్ అంటే అలంకరించుకో అని కూడా అర్థం, సజ్‌నా సవర్‌నా అంటారు కదా ముస్తాబవడాన్ని, మన సుసజ్జితం కూడా ఆ ఇంటిదే. ఇంగ్లీషులో వరస సర్దుకోవడానికీ ముస్తాబుకీ ఒకే మాట ఎలా ఉందో హిందీలోనూ అలాగే ఉంది, గ్రౌండ్‌లో రోజూ ఆ కమాండ్ వినే పిల్లల్లో ఎంతమంది దీన్ని గమనిస్తారో గానీ గమనిస్తే ఈ మాట జన్మలో మర్చిపోరు.

తెలుగులో దీనికి అచ్చంగా సరిపడే మాట దిద్దడం. అక్షరాలు దిద్దుతాం, తప్పు దిద్దుతాం, బొట్టు దిద్దుతాం, కాటుక దిద్దుతాం, పిల్లల్ని తీర్చిదిద్దుతాం. సరిచెయ్యడమూ అందం చెయ్యడమూ ఒకే మాటలో ఇమిడిపోయాయి. విజయనగరంలో బతికిన గురజాడ అప్పారావు 1910లో ఒక మొగుడి నడవడి సరిచెయ్యడం గురించి రాసిన కథకి దిద్దుబాటు అని పేరు పెట్టారు, ఆ పేరులో ఉన్న దిద్దు, అద్దం ముందు కాటుక పెట్టుకునే అమ్మాయి చేతిలో ఉన్న దిద్దు ఒకటే. డ్రెస్ అనే మాటకి వస్త్రధారణ అని డిక్షనరీ అర్థం రాసుకునే బదులు దిద్దు అని రాసుకుంటే పుండూ కోడీ రాయీ పరేడూ అన్నీ ఒకే గూటికి వచ్చేస్తాయి.

డ్రెస్ పక్కన చిన్న మాటలు చేరితే అర్థం జరుగుతుంది, పరీక్షల్లోనూ మాటల్లోనూ జారేది ఎక్కువ అక్కడే. గెట్ డ్రెస్డ్ అంటే ఊరికే బట్టలు వేసుకోవడం, పొద్దున్న స్నానం చేసి లుంగీ కట్టుకున్నా అదే. డ్రెస్ అప్ అంటే పెళ్ళికో ఫంక్షన్‌కో మామూలు కంటే బాగా తయారవ్వడం. డ్రెస్ అప్ యాజ్ అంటే వేషం కట్టడం, స్కూల్ యానివర్సరీలో పిల్లాడు అల్లూరి సీతారామరాజులా తయారయ్యాడంటే అది డ్రెస్ అప్ యాజ్. డ్రెస్డ్ టు ద నైన్స్ అంటే నిలువెల్లా గ్రాండ్‌గా తయారై ఉండటం, ఎందుకు తొమ్మిదో భాషావేత్తలు ఇంకా తేల్చలేదు. విండో డ్రెస్సింగ్ అంటే షాపు అద్దాల వెనక సరుకు సర్ది పెట్టడం, తర్వాత అది బ్యాంకుల లెక్కల్లోకి వచ్చి మార్చి నెలాఖరుకి బ్యాలెన్స్ షీట్ బాగా కనపడేలా అంకెలు సర్దడం అనే అర్థం తెచ్చుకుంది, బ్యాంకు పరీక్షలకి చదివేవాళ్ళు ఇది తప్పకుండా పట్టుకోవాలి. పైన పటారం లోన లొటారం అంటే సరిగ్గా అదే.

ఇంకొకటి, మామూలు మాటల్లో ఇంగ్లీషు వాళ్ళు వీటన్నిటికంటే ఎక్కువ వాడేది గెట్టింగ్ రెడీ. పెళ్ళికూతురు ఎక్కడుందంటే షీ ఈజ్ గెట్టింగ్ రెడీ అంటారు. మనం తయారవుతోంది అంటాం, తయారు అనేది పారశీ, ఉర్దూల వైపు నుంచి మనకొచ్చిన మాట, దానికీ అసలు అర్థం సిద్ధం అనే. షోకు కూడా అటు నుంచే వచ్చింది, అక్కడ శౌక్ అంటే ఇష్టం, మోజు, ఇక్కడికొచ్చాక మోజు పడి చేసుకునే ముస్తాబు అయింది.

డెక్ దగ్గర కథ ఇంకో రకం. ఇది డచ్ వైపు నుంచి వచ్చింది, కప్పడం అని అర్థం, ఓడ డెక్ అన్నా అదే, ఓడ లోపలి భాగానికి పైకప్పు అన్నమాట. కాబట్టి డెక్ అనే అలంకారంలో కప్పేయడం ఉంటుంది, వస్తువు పైన ఏదో ఒకటి నిండుగా పరిచి ఉండాలి. దానికి ముందు బి చేరితే బిడెక్, ఈ బి అనే ముక్క చుట్టూరా, అంతటా అనే అర్థం తెస్తుంది, బిజ్యువెల్డ్ అంటే ఒళ్ళంతా నగలే. నిలువెల్లా, ఒళ్ళంతా అని మనం మాట ముందు పెట్టుకున్నట్టే. మన ఇంగ్లీషు పేపర్లలో పండగకి ఊరు డెక్డ్ అప్ అని రాస్తారు, ఇండియాలో అది బాగా పాతుకుపోయిన వాడుక, బయట దేశాల్లో ఎక్కువగా వినపడేది డెక్డ్ అవుట్, పరీక్షలో రెండూ ఇస్తే అవుట్ పెట్టడం సేఫ్.

విజయనగరం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం విజయదశమి తర్వాత వచ్చే మంగళవారం జరుగుతుంది, ఆ రోజు ఇంగ్లీషులో ఒక పేరా రాయాలంటే ఈ మాటలన్నీ ఒక్కచోటే పనికొస్తాయి. మూడు లాంతర్ల కూడలి దగ్గరున్న అమ్మవారి చదురుగుడి నుంచి కోట వరకు ఉన్న దారి డెక్డ్ అవుట్, ఎందుకంటే అడుగడుక్కీ ఏదో ఒకటి కట్టి కప్పేసి ఉంటుంది. చింతమానుతో చేసిన సిరిమాను అనే పొడవాటి మాను మీద కూర్చుని ఊరేగే పూజారికి అరేయ్డ్ అనో అటైర్డ్ అనో వాడాలి, ఆయన కట్టుకున్నదానిలో గౌరవం, పద్ధతి ఉన్నాయి కాబట్టి. సిరిమాను ముందు పాలధార, అంజలి రథం, తెల్ల ఏనుగు, బెస్తవారి వల వెళ్తాయి, వల అక్కడ అలంకారమే కాదు, అది సేవ, దానికి ఈ వరసలో ఏ మాటా పనికిరాదు, కారీడ్ ఇన్ ప్రొసెషన్ అని మామూలుగా రాయడమే సరైనది. ప్రతిదానికీ పెద్ద మాట తగిలించాలన్న తొందరలో ఇలాంటివి పాడైపోతుంటాయి.

అరే అనే మాటకి మొదటి అర్థం యుద్ధానికి సేనని బారులు తీర్చడం, ఇప్పుడు కంప్యూటర్ చదివేవాళ్ళకి అరే అంటే వరసలో పెట్టిన డేటా, వరస అన్నది రెండింట్లోనూ ఉంది. బట్టలకి వాడినప్పుడు కూడా క్రమంగా, నిండుగా, ఘనంగా అనే ఛాయ పోదు. నిజానికి ఈ మాటల్లో యుద్ధం నుంచి వచ్చినవి చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. డాపర్ అంటే ఇంగ్లీషులో నీటుగా తయారైన మగవాడు, డచ్‌లో అదే మాటకి ధైర్యవంతుడు అని అర్థం. ఫర్బిష్ అంటే కత్తులూ కవచాలూ తుప్పు వదిలేలా మెరుగు పెట్టడం, ఇప్పుడది రీఫర్బిష్డ్ ఫోన్ల దగ్గరికొచ్చింది, శ్రీకాకుళం జిల్లా బుడితిలో చేసే ఇత్తడి బిందెలు పండగ ముందు చింతపండు పెట్టి తోమితే మెరిసేదీ ఆ బాపతు మెరుపే. మన వైపూ ఇదే జరిగింది, సన్నాహం అంటే మొదట్లో కవచం తొడుక్కోవడం, ఇప్పుడు పెళ్ళి సన్నాహాలు అంటున్నాం.

గార్నిష్ ఇందులో అన్నిటికంటే ఎక్కువ దారి తప్పించే మాట. పాత ఫ్రెంచ్‌లో దీని మూలానికి హెచ్చరించడం, కోటని రక్షణకి సిద్ధం చెయ్యడం, సరంజామా ఇవ్వడం అని అర్థాలు. గార్మెంట్ కూడా అక్కడి నుంచే, ఒంటికి సమకూర్చినది అని. ఇప్పుడు గార్నిష్ వంటింటికి పరిమితం, ఉప్మా మీద జీడిపప్పు, పులుసు మీద కొత్తిమీర, అంతే. హెచ్చరించడం అనే పాత అర్థం మాత్రం కోర్టులో మిగిలిపోయింది, గార్నిషీ ఆర్డర్ అంటే ఒకడి అప్పు కింద వాడి ఖాతాలో డబ్బు వాడికివ్వొద్దని బ్యాంకుకి కోర్టు ఇచ్చే ఆర్డర్. గుడిని గార్నిష్ చేశారు అని ఎందుకు అనకూడదో ఇప్పుడు విడిగా చెప్పక్కర్లేదు.

ఫెస్టూన్ మాట సులువు, ఇటాలియన్‌లో పండగ అనే మాటలోంచి వచ్చింది, రెండు చోట్ల కట్టి మధ్యలో కొంచెం వంపుగా వేలాడదీసిన పూలదండ, ఆకుల దండ, సీరియల్ లైట్లు. గుమ్మానికి కట్టిన మామిడాకుల తోరణాన్ని ఇంగ్లీషులో చెప్పడానికి ఇంతకంటే దగ్గరి మాట లేదు. తోరణం అంటే అసలు ద్వారం, సాంచీ స్తూపం ముందున్న రాతి ద్వారాల్ని తోరణాలనే అంటారు, ద్వారం పేరు దానికి కట్టే ఆకులకి దిగింది. ట్రిమ్ కూడా చూడాలి, బార్బర్ షాపులో ట్రిమ్ అంటే కత్తిరించడం, క్రిస్మస్ చెట్టుని ట్రిమ్ చెయ్యడం అంటే బొమ్మలూ లైట్లూ తగిలించడం. ఒకటి తీసెయ్యడం, ఒకటి చేర్చడం, రెంటికీ ఒకే మాట ఎందుకంటే పాత ఇంగ్లీషులో దాని అర్థం గట్టిగా, పద్ధతిగా చెయ్యడం. పద్ధతిగా అవ్వడానికి ఒకచోట తియ్యాలి, ఒకచోట పెట్టాలి.

సంక్రాంతికి గంగిరెద్దు వాకిట్లోకొస్తే వీపు మీద రంగురంగుల బొంత, కొమ్ములకి కుచ్చులు, మెడలో గంటలు, మూపురం మీద పట్టుగుడ్డ. దీనికి ఇంగ్లీషులో ప్రత్యేకంగా ఒక మాటే ఉంది, కాపారిజన్, గుర్రాల మీద కప్పే అలంకారపు గుడ్డ అది, స్పానిష్ వైపు నుంచి వచ్చింది. జంతువుకి అలంకారం అంటే అదే వాడాలి. గంగిరెద్దు గురించి ఇంగ్లీషులో రాసేవాళ్ళు చాలామంది డెకరేటెడ్ బుల్ అని వదిలేస్తారు, ఆ బొంత కుట్టడానికి పడే కష్టం చూస్తే అది చాలా చిన్న మాట, కాపారిజన్డ్ బుల్ అని రాస్తే ఆ ఎద్దుకి రాజుగారి గుర్రానికిచ్చిన మర్యాద దక్కుతుంది.

ఇప్పుడు పొందూరు దగ్గరికి రావాలి, ఎందుకంటే బిడైజన్ అనే మాట అక్కడికెళ్తే గానీ అర్థం కాదు. డైజన్ అంటే అసలు డిస్టాఫ్‌కి, అంటే వడకడానికి పీచు చుట్టి పెట్టుకునే కర్రకి, అవిసె పీచు చుట్టి సిద్ధం చెయ్యడం. వడికే ఆవిడ కర్రకి నారని పొందిగ్గా చుట్టేది, అదే డైజన్. కర్రకి బట్ట కట్టినట్టు కనపడుతుంది కాబట్టి అక్కడి నుంచి మనిషికి బట్టలు తొడగడానికి వచ్చింది, తర్వాత బి చేరి బిడైజన్ అయ్యి, మితిమీరి రంగులు వేసుకుని తయారవ్వడం అనే వెక్కిరింపు అర్థంలో స్థిరపడింది. ఇంగ్లీషులో నారని దువ్వి శుభ్రం చెయ్యడానికి కూడా డ్రెస్ అనే మాటే వాడతారు. పొందూరులో ఆ పని వాలుగ చేప దవడతో జరుగుతుంది, దాని సన్నటి పళ్ళతో పత్తిని దువ్వి నలక లేకుండా చేసి, ఏకు చేసి, చరఖా మీద సన్నటి నూలు తీస్తారు, గాంధీ గారు మెచ్చిన ఖాదీ అది. అక్కడ ఆడవాళ్ళ చేతుల్లో జరిగే ఆ దువ్వడమే డ్రెస్సింగ్ అనే మాటకి అసలు అర్థం. ఇంగ్లాండులో వడికే ఆడదాని పనిలోంచి పుట్టిన మాట చివరికి ఆడదాని ముస్తాబుని వెక్కిరించే మాట అయిపోవడం బాధగానే ఉంటుంది.

ఆ మాటకొస్తే ఇలా దిగజారిన మాట ఇంకోటుంది, టాడ్రీ. ఇంగ్లాండులో ఈలీ అనే ఊళ్ళో సెయింట్ ఆడ్రీ పేరు మీద ఒక సంత జరిగేది, అక్కడ అమ్మే మెడ రిబ్బన్లని సెయింట్ ఆడ్రీస్ లేస్ అనేవాళ్ళు, నోట్లో నలిగి టాడ్రీ లేస్ అయింది, రాన్రాను చవకబారుగా మెరిసేది ఏదైనా టాడ్రీ అయిపోయింది. మన తీర్థాల్లో, అమ్మవారి సంబరాల్లో గాజులు, రిబ్బన్లు, పూసలదండలు అమ్మే కొట్ల ముందు ఆడపిల్లలు ఎంత సంబరంగా నిలబడతారో చూసినవాళ్ళు ఆ సరుకుని టాడ్రీ అనలేరు. మాట అర్థం తెలుసుకోవాలి, ఎవరి మీద వాడుతున్నామో కూడా చూసుకోవాలి.

మెచ్చుకోలు, తిట్టు అన్న తేడా ఈ మొత్తం వరసలో చాలా ముఖ్యం, గైడ్లలో అసలు కనపడనిది కూడా ఇదే. స్ప్రూస్ అప్, స్మార్టెన్ అప్ రెండూ మంచివే, నీటుగా తయారవ్వడం, మనిషికీ ఇంటికీ వాడొచ్చు. స్ప్రూస్ అన్నది ప్రష్యా దేశం పాత పేరులోంచి వచ్చిందంటారు, అక్కడి తోలు కోట్లు నాజూగ్గా ఉండేవి కాబట్టి ఊరి పేరే నీటుకి కొలత అయింది, పొందూరు పంచె కట్టాడు అంటే మనిషి ఎలా ఉన్నాడో మనకి వేరే చెప్పక్కర్లేదు కదా, అలాగన్నమాట. టిటివేట్ అంటే అద్దం ముందు చివరి చివరి సర్దుళ్ళు, కొంచెం సరదా మాట. డాల్ అప్ ఆడవాళ్ళకే వాడతారు, స్నేహితురాళ్ళ మధ్య ఫర్వాలేదు, ఆఫీసులో ఒక మగాడు కొలీగ్‌ని అంటే తేడా కొడుతుంది. ఓవర్‌డ్రెస్డ్ అంటే సందర్భానికి మించి తయారవ్వడం, ఇది మళ్ళీ మొదటి లెక్క దగ్గరికే వస్తుంది, అలం అన్నది దాటిపోవడం.

ఎంబెల్లిష్‌లో కూడా ఈ రెండు ముఖాలూ ఉన్నాయి. బెల్ అంటే ఫ్రెంచ్‌లో అందం, అందం చేర్చడం అని అర్థం. చీర అంచుకి జరీ పని ఎంబెల్లిష్‌మెంట్, అది మెచ్చుకోలు. జరిగిన విషయాన్ని ఎంబెల్లిష్ చేశాడంటే చిలవలు పలవలు చేర్చి చెప్పాడని, అది తిట్టు. గిల్డ్ ద లిలీ అనే వాడుక కూడా ఇక్కడిదే, షేక్‌స్పియర్ కింగ్ జాన్ నాటకంలో ఉన్నది మేలిమి బంగారానికి బంగారు పూత పూయడం, కలువకి రంగు వెయ్యడం అని, జనం నోట్లో పడి రెండూ కలిసిపోయి కలువకి బంగారు పూత అయింది. మనం బంగారానికి తావి అబ్బినట్టు అంటాం, అది పూర్తిగా వేరే, అక్కడ బంగారంలో లేని గుణం చేరుతోంది కాబట్టి మెచ్చుకోలు. ఒకదానికి ఇంకోటి అనువాదంగా పెడితే పొగడ్త తిట్టయిపోతుంది.

సంగీతంలో కూడా ఆర్నమెంట్, ఎంబెల్లిష్‌మెంట్ అనే మాటలున్నాయి, స్వరం చుట్టూ వేసే చిన్న చిన్న కదలికలకి వెస్టర్న్ మ్యూజిక్‌లో ఆ పేర్లు. మన సంగీతంలో స్వరాన్ని ఊపి పలికించే గమకాన్ని ఇంగ్లీషులో ఆర్నమెంట్ అని రాసేస్తుంటారు. 1919లో విజయనగరంలో పెట్టిన సంగీత కళాశాల, దానికి మొదటి ప్రిన్సిపాల్‌గా ఉన్న ఆదిభట్ల నారాయణదాసు, అక్కడ వయొలిన్ నేర్పిన ద్వారం వెంకటస్వామి నాయుడు, ఇంత సంగీతం ఉన్న ఊళ్ళో ఆ అనువాదం సరిపోదు. ఆర్నమెంట్ అంటే తీసేసినా అసలుది మిగులుతుంది అనిపిస్తుంది, గమకం తీసేస్తే చాలా రాగాల్లో రాగమే మిగలదు. వీణ మీద చెక్కిన నగిషీని ఆర్నమెంట్ అనొచ్చు, బొబ్బిలి వీణకి ఒంటి పనస దుంగలో చెక్కే పని అంత అందంగా ఉంటుంది, తీగ మీద పలికే గమకాన్ని మాత్రం గమకం అనే వదిలెయ్యడం మంచిది.

చివరిగా వాక్యం కట్టే దగ్గర రెండు సంగతులు. బట్టలకి ఇన్, తగిలించిన వాటికి విత్. డ్రెస్డ్ ఇన్ సిల్క్, అరేయ్డ్ ఇన్ వైట్, అడార్న్డ్ విత్ ఫ్లవర్స్, ఫెస్టూన్డ్ విత్ లైట్స్. మనిషి లోపలుంటే ఇన్, మనిషి మీదుంటే విత్ అని గుర్తు పెట్టుకుంటే చాలావరకు తప్పదు, డెక్డ్ అవుట్‌కి మాత్రం రెండూ నడుస్తాయి. రెండోది, తెలుగులో కొను అనే చిన్న ముక్క చేసే పని. సింగారించింది అంటే వేరే ఎవరినో, సింగారించుకుంది అంటే తనని తాను. ఇంగ్లీషులో ఆ ముక్క లేదు, డ్రెస్ అప్ అంటే తనకు తానే అని దానంతటదే వస్తుంది, డెకరేట్‌కి అలా రాదు, అందుకే షీ డెకరేటెడ్ అని ఆపేస్తే గది ఏదో సర్దిందనే అనుకుంటారు. ఇంకొకళ్ళు తయారు చేస్తే వాజ్ డ్రెస్డ్ బై అనాలి.

ఇంతా చెప్పాక మన వైపు మాట ఒకటి మిగిలిపోతుంది, దానికి ఈ వరస మొత్తంలో జోడీ లేదు. పెళ్ళికి ముందు ముత్తయిదువలందరూ కూర్చోబెట్టి, నలుగు పెట్టి, మంగళస్నానం చేయించి, పసుపు రాసి, పారాణి పెట్టి, కొత్త చీర కట్టి, బుగ్గన చుక్క దిద్ది, పిల్లని పెళ్ళికూతుర్ని చేశారు అంటారు. డ్రెస్డ్ ద బ్రైడ్ అంటే చీర కట్టినంతే వస్తుంది. మేడ్ హర్ ద బ్రైడ్ అంటే వాక్యం విరిగినట్టుంటుంది గానీ అసలు జరిగింది అదే, పొద్దున్న దాకా ఇంట్లో తిరిగిన పిల్ల పీట మీద నుంచి లేచేసరికి పెళ్ళికూతురు. దాన్ని ఇంగ్లీషులో రాయాల్సి వస్తే పెళ్ళికూతుర్ని చెయ్యడం అని తెలుగు మాటే పెట్టి, నలుగు దగ్గర నుంచి బుగ్గన చుక్క దాకా ఏం చేశారో ఒక్కొక్కటే రాసుకుంటూ పోవడమే.